మూత మీద చీటీ

ఆదివారం పొద్దున్నే తమ్ముడు నడుముకి తువ్వాలు చుట్టుకుని ఆపిల్ ముక్కలు కోస్తున్నాడు. మధ్యాహ్నం అన్నయ్య వస్తున్నాడు, రెండేళ్ల తర్వాత.

అన్నయ్యది గడియారాలు బాగుచేసే దుకాణం. రెండేళ్ల కిందట ఆ దుకాణంలో గడియారాలన్నిటినీ సరదాకి గంట వెనక్కి తిప్పిన ఘనుడు ఈ తమ్ముడే. ఆ రోజు కొత్త ఉద్యోగానికి బయల్దేరిన కూతుర్ని సాగనంపడానికి పరిగెత్తిన అన్నయ్యకి రైలు వెనకాల ఎర్ర దీపం మాత్రమే కనపడింది. అప్పట్నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

అన్నయ్యకి గోధుమ పడదు. నాలుగు ముక్కలు తింటే కడుపు మెలిపెట్టేస్తుంది, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అందుకే గోధుమా బియ్యం ఏదీ తగలకుండా, పంచదార కూడా వెయ్యకుండా, బాదం పొడి, గుడ్లు, తేనెతో ఆపిల్ కేకు చెయ్యాలని తమ్ముడి పట్టుదల.

"ఈసారైనా వెధవ్వేషాలు వెయ్యరుగా?" అంది భార్య.

"నీమీదొట్టు."

"నామీదెందుకూ? మీమీదే వేసుకోండి."

గట్టు మీద ఒకేలాంటి డబ్బాలు రెండున్నాయి. ఒక మూత మీద 'బాదం', ఇంకోదాని మీద 'మైదా' అని చీటీలు. రెంటిలోనూ తెల్లటి పొడే. తమ్ముడు తనలో తను నవ్వుకున్నాడు. పోయిన వారం భార్యని ఏడిపించడానికి ఆ మూతలు మార్చింది తనే మరి! 'మైదా' డబ్బా దగ్గరికి లాక్కుని దర్జాగా నాలుగు గరిటెలు వేశాడు.

అన్నయ్య వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. కేకు వంక పామును చూసినట్టు చూశాడు.

"ఏం కలిపావురా?"

"ఏమీ లేదన్నయ్యా! బాదం పొడే. ప్రమాణం."

"నీ ప్రమాణాలు గోనెసంచీడున్నాయి నా దగ్గర."

తమ్ముడు ముందు తనే ఒక ముక్క తిన్నాడు. "రైలు సంగతికి ఇన్నాళ్లూ సిగ్గుపడుతూనే ఉన్నానన్నయ్యా," అన్నాడు. ఈసారి ఆ మాటలో వేళాకోళం లేదు. అన్నయ్య తమ్ముడి మొహంలోకి చూసి, మెల్లగా చెంచా అందుకున్నాడు.

అంతలో వంటింట్లోంచి కేక. "ఏవండీ, బాదం డబ్బా నిండుగా ఉందేంటి?"

తమ్ముడు లోపలికి ఉరికాడు. "మూతలు మార్చానుగా!"

"ఆ రోజే చూసి సరిగ్గా పెట్టేశాను. చెబితే ఇంకేదో మారుస్తారని చెప్పలేదు."

తమ్ముడు ఒక్క గెంతులో బయటికొచ్చి పడ్డాడు. "అన్నయ్యా, తినకు! అందులో మైదా ఉంది!"

అన్నయ్య పకపకా నవ్వాడు. "ఇంకా మొదలెట్టలేదేంటా అనుకుంటున్నా! నేను భయపడి పారిపోతే చూడాలనారా?"

"నిజమన్నయ్యా!" అంటూ తమ్ముడు పళ్లెం లాగబోయాడు. అన్నయ్య పళ్లెం ఎత్తి పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతూ తిన్నాడు.

"నిజమే బావగారూ!" అంది భార్య.

"నువ్వు కూడా వీడితో చేరావా అమ్మా?" అని చివరి ముక్క కూడా నోట్లో వేసుకున్నాడు.

గంట తిరిగేసరికి ఆసుపత్రి మంచం మీద మెడ దాకా దద్దుర్లతో పడుకుని ఉన్నాడు. తమ్ముడు తలవంచుకుని పక్కన నిలబడ్డాడు.

"ఇక నీ గుమ్మం తొక్కను," అన్నాడు అన్నయ్య.

ఇప్పుడు నవ్వుతాడేమోనని తమ్ముడు కాసేపు ఎదురుచూశాడు. అన్నయ్యకి వేళాకోళం ఆడే అలవాటు లేదు.