డైనమో అల్లుడు, ఉప్పుటేరు

పాడిబర్రెను కొనుక్కొస్తానని నెల్లూరు పోయిన రంగనాయకులు సైకిలెక్కి తిరిగొచ్చాడు. వాకిట్లో దిగి గంట మోగించాడు. పలుపు పట్టుకుని ఎదురొచ్చిన భార్య చెంచులక్ష్మి ఆ పలుపును దేనికి కట్టాలో తెలియక సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది.

“బర్రె యాడుండాది?”

“దీనికి డైనమో ఉండాదే. చక్రం తిరిగేకొద్దీ కరెంటు పుడతాది. లైటు దానంతటదే వెలుగుతాది.”

“పాలిస్తాదా?”

రంగనాయకులు మళ్లీ గంట మోగించాడు.

అతను సంగం ఊరి మనిషి. తోటపల్లి గూడూరు దగ్గరున్న ఈ ఊరికి ఇల్లరికం వచ్చి ఏడాది కాలేదు. పెన్న నీళ్లు తాగి పెరిగినవాడు కదా, సముద్రాన్ని పగటిపూట రెండుసార్లు చూసి, మరీ ఎక్కువగా ఉందని తేల్చేశాడు. ఊళ్లో కరెంటు స్తంభాలు పాతింది ఆ ఏడే. లైన్‌మను టీ అంగట్లో కూర్చుని, తడిచేత్తో తీగె ముట్టుకోవద్దనీ, కరెంటు నీళ్లలోకి దిగిందంటే నీళ్లున్నంత మేరా పాకుతుందనీ చెప్పిపోయాడు. ఊరంతా విని మరిచిపోయింది. రంగనాయకులు మాత్రం మరిచిపోలేదు. సైకిలొచ్చాక కరెంటు గురించి అందరికీ అతనే చెప్పడం మొదలుపెట్టాడు. ఊరు అతనికి డైనమో అల్లుడని పేరు పెట్టింది.

పదిరోజులకు చెంచులక్ష్మి మేనమామ జయరామయ్య వచ్చాడు. ఆయన కొట్టంలో ఈనిన బర్రె ఉంది, మనసులో సైకిలుంది. రెండూ మార్చుకుందామన్నాడు.

“ఇది రేత్రిపూట పనికొచ్చే బండి మామా. ఇచ్చే మాటే లేదు” అన్నాడు రంగనాయకులు.

“ఎవురికి పనికొచ్చేది?” అంది చెంచులక్ష్మి. “పొద్దు గూకితే పెరట్లోకి పోవాలన్నా నన్ను తోడుకు లేపుతావే.”

ఇంట్లో అనే మాట వేరు, మేనమామ ముందు అన్న మాట వేరు. రంగనాయకులికి రోషం పొడుచుకొచ్చింది. “ఈ అమావాస్య రేత్రి ఉప్పుటేటి రేవు దాకా ఒక్కణ్ణే పోయొస్తా. పోయొస్తే సైకిలు నాది. పోలేకపోతే బర్రెనిచ్చి మామ తీసకపోవచ్చు” అనేశాడు.

ఏడు మైళ్ల దోవ. మధ్యలో ఇల్లన్నది లేదు. మాట అనేశాక ఆ సంగతి గుర్తొచ్చింది.

“సరే” అంది చెంచులక్ష్మి. “గుర్తులేం తేనక్కర్లేదు. ఏం చూసినావో వచ్చి చెప్పు, చాలు. నువ్వు పోయిందీ లేందీ నాకు తెలిసిపోతాది.”

రంగనాయకులు లోలోపల పొంగిపోయాడు. మాటలే కావాలంటే అతని దగ్గర కొదవలేదు. ఊరి చివర కళ్లంలో గడ్డివామి పక్కన హాయిగా నిద్రపోయి, తెల్లారి లేచి, చీకటి చూశాను, నీళ్లు చూశాను, నాలుగు నక్కల్ని చూశాను అంటే సరిపోతుంది. నక్కలు నాలుగు బాగుంటాయా, ఆరు బాగుంటాయా అని రెండ్రోజులు ఆలోచించాడు.

అమావాస్య వచ్చింది. సైకిలు తుడిచి, బొట్టు పెట్టించుకుని బయల్దేరాడు. గడ్డివామి దగ్గర దిగాడో లేదో, అవతలి నుంచి బీడీ నిప్పు లేచి నిలబడింది. కళ్లం కాపలా చిన్నపోలయ్య.

“అల్లుడుగారా? ఇక్కడ దిగినారేంది? రేవుకు పోతావుండారని ఊరంతా చెప్పుకుంటా ఉండారే. దోవ అట్ట.”

“చక్రంలో గాలి చూసుకుంటావుండాలే” అని రంగనాయకులు రెండు చక్రాలూ నొక్కాడు. గాలి దండిగా ఉంది. ఇంకేం నొక్కాలో తోచక సైకిలెక్కాడు.

డైనమోతో ఒక చిక్కుంది. భయమేస్తే మనిషి ఆగి చెవి ఒగ్గుతాడు. ఆగితే లైటు ఆరిపోతుంది. అందుకని భయమేసినప్పుడల్లా గట్టిగా తొక్కాలి. గట్టిగా తొక్కితే లైటు ఇంకా దూరం పోయి ఇంకో కొత్త భయాన్ని చూపిస్తుంది. తాటిమొద్దు మనిషైంది, గట్టు మీది కంప లేచి నిలబడింది, కప్ప దూకితే రంగనాయకులు కూడా దూకాడు. ఈ లెక్కన మూడు మైళ్లు అతను జన్మలో తొక్కనంత వేగంగా తొక్కాడు.

తర్వాత ఊపిరి అందక ఆగక తప్పలేదు. లైటు ఆరిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఏమీ కాకపోయేసరికి మెల్లగా తెరిచాడు.

పైన చుక్కలు. నెత్తిన మాత్రమే కాదు, చుట్టూ పొలాల గట్ల దాకా చుక్కలే. సంగంలో ఆరుబయట పడుకున్న రోజుల్లో చూడని చుక్కలా ఇవి? కానీ అప్పుడు పక్కన నలుగురుండేవాళ్లు, ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడుతుండేవాళ్లు. ఇన్ని ఉన్నాయని ఒక్కడే నిలబడితే గాని తెలియలేదు. ఎక్కడో సముద్రం ఊపిరి తీసి వదులుతోంది. రంగనాయకులికి ఒళ్లు జలదరించింది. అది భయం కాదని తెలిసి అతనికే ఆశ్చర్యమేసింది. వెనక్కి పోవాలన్న సంగతి మరిచిపోయి ముందుకే పోయాడు.

రేవు దగ్గర దోవ పల్లంలోకి దిగుతుంది. బ్రేకు పట్టేలోపే సైకిలు జారి, మనిషితో సహా ఏట్లో పడింది. మోకాలిలోతు నీళ్లు. ముందు చక్రం నీళ్లలో ఇంకా తిరుగుతోంది. లైటు టప్పున ఆరిపోయింది.

ఆ క్షణమే నీళ్లు వెలిగాయి.

చక్రం చుట్టూ నీలంగా, పచ్చగా ఒక వెలుగు. అతను కాలు కదిపితే కాలి చుట్టూ వెలుగు. చెయ్యెత్తితే వేళ్ల నుంచి వెలుగు చుక్కలు చుక్కలుగా కారింది. బెదిరిన చేపలు పరిగెత్తితే నీళ్లలోపల గీతలు గీసినట్టు వెలిగి ఆరాయి. లైటులో ఆరిపోయిన కరెంటు ఎక్కడికి పోయిందో రంగనాయకులికి అర్థమైపోయింది. డైనమోను చక్రానికి అందకుండా లాగేశాడు. వెలుగు పోలేదు.

పారిపోవలసినవాడు పారిపోలేదు. తాను చచ్చిపోతున్నాననే అనుకున్నాడు, అయినా ఇంత అందంగా ఉన్నప్పుడు ఇంకాసేపు చూసి చద్దామనుకున్నాడు. చెయ్యి నీళ్లలో ముంచాడు, తీశాడు, మళ్లీ ముంచాడు. పైన చుక్కలు, కింద చుక్కలు, మధ్యలో తాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎంతసేపటికో లైన్‌మను గుర్తొచ్చాడు. నీళ్లున్నంత మేరా పాకుతుంది. అంటే ఈ పాటికి సముద్రం దాకా పోయి ఉంటుంది. తెల్లారితే జాలర్లు దిగుతారు. ఆపైన పోలీసులు. రంగనాయకులు సైకిలును బయటికి లాగి, డైనమో జోలికి పోకుండా ఏడు మైళ్లూ చీకట్లోనే తోసుకుంటూ వచ్చాడు. దోవలో నిజంగానే ఒక నక్క ఎదురైతే పక్కకు జరగమన్నాడు.

తెల్లారేసరికి అరుగు మీద భార్యా, మేనమామా కూర్చుని ఉన్నారు.

“ఏం చూసినావు?” అంది చెంచులక్ష్మి.

“ఏం లేదు.”

“రేవులో ఏముండాది?”

“నీళ్లు.”

“నీళ్లెట్టా ఉండినాయి?”

“తడిగా.”

చెంచులక్ష్మి మేనమామ వైపు తిరిగింది. “ఈయన పోలేదు మామా. పోయినోడు ఇట్టా చెప్పడు.”

“అయితే సాయంత్రం బర్రెను తోలుకొస్తా” అని జయరామయ్య లేచాడు.

రంగనాయకులు మనసులో లెక్క చూసుకున్నాడు. గడ్డివామి పక్కన పడుకుని ఉంటే ఆరు నక్కలతో గెలిచేవాడు. నిజంగా పోయొచ్చి ఓడిపోతున్నాడు. తట్టుకోలేక భార్యను పెరట్లోకి లాక్కుపోయాడు.

“పోయినానే. నీ మీదొట్టు. నా డైనమో కరెంటు ఏట్లో పడిపోయినాది. ఏరంతా అంటుకున్నాది.”

చెంచులక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భయపడిందనుకున్నాడు.

“చేపలు మెరిసినాయా?”

“మెరిసినాయి.”

“చేతికి అంటి కారినాదా?”

“కారినాది. ఎంత బాగుండినాదో చెప్పలేనే. నేనేమన్నా జైలుకు పోతానా?”

ఆమె కొంగు తీసి ముఖం తుడుచుకుంది. “ఎవురికీ చెప్పమాక. ఆ బండి మాత్రం మనింట్లో వద్దు. మామయితే చీకటి పడకముందే కొంపకు చేరతాడు, లైటు పనే ఉండదు.”

రంగనాయకులు వీధిలోకి పరిగెత్తి, సాయంత్రం దాకా ఎందుకని మేనమామను బతిమాలి, అప్పుడే సైకిలప్పగించాడు.

ఆపైన రోజూ టీ అంగట్లో చెవులు రిక్కించాడు. ఏట్లో ఎవరూ చచ్చిపోలేదు, ఏ పోలీసూ రాలేదు. కరెంటు ఆటుపోట్లకు కొట్టుకుపోయి ఉంటుందని సమాధానపడ్డాడు. మరుసటి అమావాస్యకు చెంచులక్ష్మి ఎద్దులబండి కట్టించి, “పోదాం పద” అంది. రేవులో ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగింది. చీలమండల చుట్టూ నీలంగా వెలుగు విచ్చుకుంది.

“నా చిన్నప్పటినుంచీ ఇంతేనయ్యా. ఎండలు ముదిరితే చాలు, ఉప్పునీళ్లు రేత్రిపూట ఇట్టా మెరుస్తాయి.”

రంగనాయకులికి కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గొచ్చింది. అతనూ దిగి ఆమె పక్కన నిలబడ్డాడు.

“అయితే పందెం గెల్చింది నేనే గదా.”

“నువ్వే. నువ్వు పోయొచ్చినావని ఆ పొద్దు పెరట్లోనే తెలిసినాది.”

“మరి నా సైకిలో?”

“మామ నిన్ననే దానికి పచ్చరంగు ఏయించినాడు.”