లిఫ్టులో వదిన గొంతు

ఆ ఉదయం వీడియోలు తీసే ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ చల్లారేలోగా భార్యకు నిజం చెప్పేయాలి. చూడడానికి చిన్న పనే. వారం పది రోజులుగా రోజూ ఇదే పని పెట్టుకుంటున్నాడు. కాఫీ చల్లారుతోంది గానీ నిజం మాత్రం గొంతు దాటి రావడం లేదు.

ఆ నిజమేమిటో మనమే చెప్పుకుందాం, ఆయన చెప్పేలా లేడు.

ఆయన సొంతంగా వీడియోలు తీసి బతికే మనిషి. ఒకప్పుడు భుజాన కెమెరాతో గుమ్మంలోకి వస్తే పెళ్ళికొడుకు కన్నా ముందు ఆయనకే కుర్చీ వేసేవారు. తర్వాత క్యాసెట్లు పోయి డిస్కులొచ్చాయి, డిస్కులు పోయి గోరంత కార్డులొచ్చాయి. ఒక్కో యంత్రాన్నీ కొని, దాని బటన్లు చేతికి అలవాటయ్యే సమయానికి అది పాతదైపోయేది. చివరికి ఫోన్లు వచ్చి ఊరందరినీ వీడియోవాళ్ళను చేసేశాయి. పెళ్ళివారు ఇప్పుడు ఆయనను పిలిస్తే భోజనానికే పిలుస్తున్నారు. మిగిలింది ఒకే ఒక్క లిఫ్టుల కంపెనీ. లిఫ్టు ఎలా ఎక్కాలి, ఎలా దిగాలి, మధ్యలో ఆగిపోతే ఎలా కంగారు పడకూడదు అని ఏటా ఒక చిన్న సినిమా తీయించుకుని, తమ లిఫ్టులన్నిటిలోనూ ఉన్న బుల్లి తెరల మీద వేస్తుంది.

ఆ సినిమాలకు గొంతు ఆయన భార్యది. స్టోర్ రూములో చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ ఆవిడ చదివేది. తలుపు బయట ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవాడు. "తలుపులకు ఆనుకోకండి" అని ఆవిడ అందంటే, ఆనుకోబోయినవాడు కూడా సిగ్గుపడి నిటారుగా నిలబడాల్సిందే. కంపెనీ మేనేజరు ఆవిడను ఎన్నడూ చూడలేదు. అయినా "మేడం గొంతు లేకపోతే మా లిఫ్టు కదలదండీ" అనేవాడు.

అలాంటి గొంతుకు ఆపరేషన్ అయింది. మాట వస్తుంది గానీ మునుపటిలా ఉండకపోవచ్చునని డాక్టరు చెప్పాడు. అది విన్నాక ఆవిడ నోరు విప్పడమే మానేసింది. చప్పట్లు కొట్టి పిలిచేది, చేతులతో చెప్పేది. రోజూ పొద్దున్నే బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పుకుని, ఎంతసేపో ఉండిపోయేది. లోపల కూర్చుని ఏడుస్తోందని ఆయన తీర్మానించుకుని, బయట నిలబడి తనూ ఏడ్చేవాడు.

సరిగ్గా అప్పుడే కొత్త సినిమా కావాలని మేనేజరు ఫోన్ చేశాడు. ఉన్న ఒక్క ఆధారమూ పోతుందని భయం. భార్యకు చెబితే ఆవిడ మనసు విరిగిపోతుందని ఇంకా భయం. "ఈ ఏడు సినిమా వద్దన్నారు" అని ఆవిడకు చెప్పి, ఆవిడ పాత రికార్డింగులన్నీ కంప్యూటరులో ఒక కొత్త సాఫ్ట్‌వేరుకు వినిపించాడు. అదొక విడ్డూరం. మనిషి గొంతు కాసేపు వింటే చాలు, ఆ మనిషి ఎప్పుడూ అనని మాటలు కూడా అదే గొంతుతో అనేస్తుంది. సినిమా తయారైపోయింది, మేనేజరు మురిసిపోయాడు, లిఫ్టుల్లో వేసేశారు కూడా.

ఆ ఉదయమూ కాఫీ చల్లారింది. "ఇదిగో, నీతో ఒక మాట..." అని ఆయన మొదలుపెట్టాడో లేదో, కాలింగ్ బెల్ మోగింది. వచ్చింది ఆయన చెల్లెలు. ఆవిడకు బెల్లు అవసరం లేదు, మామూలుగా మాట్లాడినా నాలుగిళ్ళకు వినిపిస్తుంది.

"బాగుంది వదినా, చాలా బాగుంది! మా అపార్టుమెంటు లిఫ్టుతో గలగలా మాట్లాడతావు, నాతో మాట్లాడవా? నీ గొంతు పోయిందని మా వీధి వీధంతా చెప్పుకుని ఏడ్చాను కదా, ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

వదిన ఏమీ అర్థం కాక చేతులూపింది.

"చూశావా అన్నయ్యా, మళ్ళీ అదే నాటకం!"

"అది వదిన కాదే తల్లీ, వేరే ఎవరో."

"ఎవరో ఏమిటి? వదిన గొంతు నాకు తెలీదా? ఇరవయ్యేళ్ళు తిట్లు తిన్నదాన్ని!"

"అంటే... పాత రికార్డింగు."

"మా లిఫ్టులో పోయిన నెల బిగించిన బటన్ గురించి చెబుతుంటే పాతదెలా అవుతుంది?"

భార్య ఆయన వైపు తిరిగింది. ఆయన "మిషన్! మిషన్ మాట్లాడింది!" అని అరిచేశాడు.

"మిషన్‌కి వదిన గొంతెలా వస్తుంది? నన్ను మరీ వెర్రిదాన్ని చేయకు."

చూపిస్తే గానీ నమ్మేలా లేదని కంప్యూటరు తెరిచాడు. తొందరలో లిఫ్టు సినిమా నొక్కబోయి దాని కింద ఉన్నది నొక్కాడు.

"ఏమండీ, అన్నం వడ్డించాను, రండి" అంది కంప్యూటరు, ఆవిడ గొంతుతో, ఇల్లంతా వినిపించేలా. "ఏమండీ, గొడుగు మర్చిపోయారు. ఏమండీ, ఇవాళ పెందలాడే వచ్చేయండి."

ఇవి లిఫ్టు కోసం చేసినవి కావు. ఆ పిలుపు వినపడని ఇంట్లో ఉండలేక, దొంగచాటుగా టైపు చేసుకుని, హెడ్‌ఫోన్లలో విన్న మాటలు. నిన్నగాక మొన్న కూడా విన్నాడు. ఆపే బటన్ ఎక్కడుందో ఇప్పుడు చేతికి దొరకలేదు. ఆ మాటలన్నీ అయిపోయేదాకా ముగ్గురూ నిలబడి విన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెల్లెలు కిక్కురుమనలేదు. భార్య స్టోర్ రూములోకి వెళ్ళి తలుపేసుకుంది.

అదే అదనుగా ఫోన్ మోగింది. కంగారులో ఆయన స్పీకర్ నొక్కాడు. మేనేజరు.

"సార్, శుభవార్త! సాయంత్రం మా కొత్త బిల్డింగులో పై అంతస్తులో లిఫ్టు ప్రారంభం. మేడం వచ్చి మైకులో నాలుగు మాటలు చదవాలి. చైర్మన్ గారు పట్టుబట్టారు, కాదనకండి."

"ఆవిడ ఊళ్ళో లేదండీ" అన్నాడు ఆయన.

"అవునండీ, పడుకుంది!" అని సాయానికి వచ్చింది చెల్లెలు.

"ఊళ్ళో లేరా, పడుకున్నారా?"

"వేరే ఊళ్ళో పడుకుందండీ!"

"వస్తానని చెప్పండి."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆవిడ తలుపు తీసుకుని నిలబడి ఉంది. గరుకు నేల మీద బల్ల ఈడ్చినట్టుంది ఆ గొంతు. సగం మాటలు గాలిలోనే పోయాయి.

ఆయన ఫోన్ పెట్టేశాడు.

"కుళాయి తిప్పుకుని... రోజూ ఏం చేస్తున్నాననుకున్నారు?" అందావిడ, మాట మాటకూ ఆగుతూ. "చదువుతున్నాను. ఈ ఏడు సినిమా... నేనే చదవాలని. మీరేమో వద్దన్నారన్నారు."

"నువ్వు బాధపడతావని..."

"బాధే. నన్ను అడగలేదు చూడండి, అది బాధ." కళ్ళు తుడుచుకుంది. "ఆ మిషన్ చేత అన్నం పెట్టించుకున్నారుగా. కూర ఎలా ఉంది?"

అంత పెద్ద మగాడూ చెల్లెలి ముందు ఏడవడానికి సిగ్గుపడలేదు.

సాయంత్రం పై అంతస్తు హాలు నిండా జనం. ఆవిడ మైకు ముందు నిలబడి కాగితం పట్టుకుంది. "దయచేసి" అనడానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి, ముందు వరసలో ఎవరో మైకు పాడైందన్నారు. ఆవిడ ఆపలేదు. ఒక్క ముక్క వదలకుండా ఆఖరిదాకా చదివింది. గోడకు ఆనుకుని ఆయన మొత్తం విన్నాడు, ఇన్నేళ్ళలో ఆవిడ ఇంత బాగా ఎప్పుడూ చదవలేదనిపించింది. చెల్లెలొక్కతే హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టింది.

మేనేజరు ఆయనను లిఫ్టు పక్కకు తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళిద్దరూ వెనకే వచ్చారు.

"మేడంకి కుదరనట్టుంది. ముందే ఒక మాట చెప్పాల్సింది సార్."

"ఆవిడే సార్ మేడం."

"నాకు తెలీదా సార్!" మేనేజరు బటన్ నొక్కాడు. తలుపులు తెరుచుకున్నాయి. "దయచేసి తలుపులకు ఆనుకోకండి" అని లోపలి తెర తీయగా పలికింది. "అదీ, మేడం గొంతంటే! పాపం, ఈవిడెవరో చాలా కష్టపడ్డారు, కాదనను. వచ్చేసారి మాత్రం అసలావిడనే తీసుకురండి."

"అసలావిడేమిటయ్యా?" అని మీదికి లేచింది చెల్లెలు. "ఈవిడే మా వదిన!"

"మరి లిఫ్టులో ఉన్న గొంతు?"

"అదీ మా వదినదే!"

"మొత్తం ఎంతమంది వదినలండీ మీకు?"

ఇక లాభం లేదని వీడియో ఆయన నిజం చెప్పేశాడు. గొంతు మిషన్‌దని, ఎలా చేశాడో కూడా చెప్పాడు. మేనేజరు కోప్పడతాడనుకున్నాడు. మేనేజరు ముఖం వెలిగిపోయింది.

"ఇంత సులువా! చెప్పారు కాదేం? అయితే వచ్చే ఏడు నుంచి మేమే చేసుకుంటాం లెండి. మిమ్మల్నీ మేడంనీ ఇబ్బంది పెట్టడమెందుకు?" అని ఆప్యాయంగా చేయి కలిపి వెళ్ళిపోయాడు.

ఉన్న ఒక్క ఆధారమూ అలా పోయింది. ఆయన గోడకు జారగిలబడ్డాడు. లిఫ్టు ఎదురుగా తలుపులు తెరుచుకుని, ఆవిడ గొంతుతో లోపలికి రమ్మంటోంది. ఆవిడ ఆయన మోచేయి పట్టుకుని లేవదీసింది.

"పదండి... మెట్లు దిగి పోదాం."

దిగినంతసేపూ ఆవిడ తిడుతూనే ఉంది. మలుపు మలుపుకీ ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మళ్ళీ అందుకుంది. ఆయన ఒక మెట్టు కింద నడుస్తూ, ఒక్క ముక్క పోకుండా విన్నాడు.

వదిన తరఫున అంత పోట్లాడిన ఆడపడుచు మాత్రం, మోకాళ్ళ నొప్పులని లిఫ్టులోనే దిగింది.