భాష వచ్చిన పిల్లకు సీటు లేదు

"మూలాలు మరిచిన మనిషికి మనుగడ లేదు!"

మా కేంద్రం గుమ్మం మీద ఈ మాటను నిలువెత్తు అక్షరాలతో రాయించింది మా డైరెక్టరుగారే. కొండల నుంచి నగరానికి వలస వచ్చిన మూలవాసుల పిల్లలకు వాళ్ళ సంస్కృతిని మళ్ళీ వాళ్ళకే అప్పగించడం మా పని. నేను అక్కడ గుమాస్తాని. సంస్కృతి బీరువా తాళాలు నా దగ్గరే ఉంటాయి. అందులో ప్లాస్టిక్ ఈకల టోపీలు, రెండు డప్పులు, ఒక బల్లెం ఉన్నాయి. బల్లెం అట్టతో చేసింది, పిల్లలు పొడుచుకోకుండా.

బడి వదలగానే పిల్లలు వస్తారు. వేడిగా భోజనం పెడతాం, లెక్కలు చెప్పిస్తాం, ఆ తరవాత గంటసేపు సంస్కృతి. మొదటి రెండింటి కోసం పాపం మూడోదాన్ని ఓర్చుకుంటారు.

మా దగ్గర ఒక నిబంధన ఉంది. సొంత భాష రాని పిల్లలకే ఇక్కడ సీటు. వినడానికి వింతగా ఉన్నా ఇందులో లోతైన ఆలోచన ఉంది. రానివాళ్ళకు నాలుగు ముక్కలు వస్తే అది మా విజయం. ముందే వచ్చి ఉంటే అది వాళ్ళ అమ్మల విజయం. అమ్మల విజయాలకు నిధులెవరిస్తారు?

ఆ రోజు పిల్లల ఎంపిక. నిధులిచ్చే సంస్థ నుంచి ఒక కళ్ళద్దాలావిడ చూడటానికి వచ్చింది. డైరెక్టరుగారి పక్కన మా దుభాషి కూర్చున్నాడు. ఆయన డైరెక్టరుగారి బావమరిది. మూలవాసుల భాష ఆయనకు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి పట్టుకోగలవాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు కనుక ఉద్యోగానికి ఢోకా లేదు.

ఒక ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. ముసలమ్మది ఆసుపత్రిలో సాయంత్రం పూట వార్డులు తుడిచే పని.

"దీన్ని ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టేదాన్ని బాబూ. ఇప్పుడు కాపలావాడు తరిమేస్తున్నాడు. గదిలో పెట్టి బయట తాళం వేసి పనికెళ్తున్నా. లోపల ఏడుస్తూ ఉంటుంది. ఒక్క సీటు ఇప్పించండి."

గుమ్మం దగ్గరే నేను పిల్ల చెవిలో చెప్పాను, భాష రాదని చెప్పమని. అబద్ధమాడటం ఆ పిల్లకు ఇంకా ఎవరూ నేర్పినట్టు లేదు.

"మీ భాష వచ్చా తల్లీ?" డైరెక్టరుగారు తియ్యగా అడిగారు.

"వచ్చు. అమ్మమ్మా నేనూ ఇంట్లో అదే మాట్లాడుకుంటాం. పాటలు కూడా వచ్చు."

డైరెక్టరుగారి మొహం వాడిపోయింది. "అయ్యో, పాటలు కూడానా?"

"అంటే సీటు లేదా బాబూ?" అంది ముసలమ్మ.

"నీ మనవరాలికి లోటేం లేదమ్మా. లోటున్నవాళ్ళకే మా సేవ."

"అయితే మర్చిపొమ్మంటారా?"

"మేం అలా అనకూడదు. దానంతట అది మర్చిపోతే వచ్చే ఏడు తప్పకుండా చూస్తాం."

పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముసలమ్మ డైరెక్టరుగారిని ఒకసారి ఎగాదిగా చూసి, వంగి పిల్ల కళ్ళు తుడుస్తూ, వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అంది.

"తమ సంస్కృతిని చూసి గర్వపడుతోందటండీ," అన్నాడు దుభాషి.

ఆయన మాట పూర్తికాకముందే డైరెక్టరుగారు చటుక్కున తల వంచి చొక్కా చూసుకున్నారు. ఒక గుండీ తప్పి పై కాజాలో పడింది. గబగబా సరిచేసుకున్నారు.

పిల్ల ఏడుపు ఆపి కిసుక్కున నవ్వింది.

"ఏమైంది పాపా?" కళ్ళద్దాలావిడ అడిగింది.

"ఊరుకోవే, గుండీలే సరిగ్గా పెట్టుకోలేనాయన మనకేం నేర్పుతాడు అంది అమ్మమ్మ. సారుకి అర్థమైపోయింది. ఈయనకీ భాష వచ్చు కదా, మరి ఈయన కుర్చీ కూడా తీసేస్తారా?"

ఆఫీసులో 'సార్' అని తప్ప పిలవని దుభాషి "బావా, మీరు..." అని ఆగిపోయాడు. పెళ్ళినాడు డైరెక్టరుగారు ఎవరి బిడ్డనని చెప్పుకున్నారో నాకు తెలియదు. మూలవాసుల బిడ్డనని మాత్రం చెప్పలేదని బావమరిది మొహమే చెప్పింది.

డైరెక్టరుగారు చెమట తుడుచుకున్నారు. ఎంతైనా పరిపాలనాదక్షులు కదా, వెంటనే తేరుకున్నారు.

"మానవతా దృక్పథంతో సీటు ఇచ్చేస్తున్నాం. పిల్లకు భాష రాదని అనుకుందాం. అందరికీ మంచిది."

"సీటిస్తే నీకు దండం పెడతాను నాయనా. రాదని మాత్రం అనకు. రాదంటే నేర్పే దిక్కు లేదని కదా అర్థం? దీనికి నేనున్నాను."

"భాష వచ్చని ఒప్పుకునే సీటిస్తారు," అంది కళ్ళద్దాలావిడ. ఆమె మాట కాదనే ధైర్యం మా కేంద్రంలో ఎవరికీ లేదు.

పిల్ల అమ్మమ్మ నడుము వాటేసుకుంది. ముసలమ్మ వెళ్ళబోతూ ఆగి, డైరెక్టరుగారిని వాళ్ళ భాషలో ఒక మాట అడిగింది. ఈసారి దుభాషి అనువాదం జోలికి పోకుండా బావ మొహం వైపు చూశాడు. డైరెక్టరుగారు నేల చూపులు చూశారు.

"మీ అమ్మ ఎక్కడుంది అని అడుగుతోంది," పిల్లే అందరికీ చెప్పింది.

బావమరిది నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"బావా, మీ వంటింట్లో పనిచేసే ఆ మూగావిడ..."

"మూగది కాదు," అన్నారు డైరెక్టరుగారు.