నాలుగు కుందేళ్ళ ఖాళీ గడి

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వచ్చేసరికి ఒక చిన్న మడుగు మిగిలింది. తాగే నోళ్ళేమో అడవి నిండా ఉన్నాయి. రోజూ తోపులాట, కొమ్ములాట, కోతుల బూతులు.

అప్పుడు కొంగ శ్వేతశాస్త్రి ముందుకొచ్చాడు. ఆయన ఏదో కాలేజీలో రసాయన శాస్త్రం గది కిటికీ మీద ఒంటికాలి మీద నిలబడి చదువుకున్నవాడు. కిటికీ కింద చేపల తొట్టి ఉండేదని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళ మాట మనకెందుకు?

"మనుషులు మూలకాలన్నిటినీ బరువు ప్రకారం గడుల్లో పేర్చారు. ఒకే గుణమున్నవి ఒకే నిలువు వరసలో పడ్డాయి. దాన్ని ఆవర్తన పట్టిక అంటారు. మనమూ అలాగే పేర్చుకుందాం. గడికో వంతు. గడి లేని జంతువుకు నీళ్ళు లేవు" అన్నాడు శాస్త్రి.

"మూలకం అంటే ఏంటి సార్?" అంది ఒక కోతి.

"ఒకే రకం పరమాణువులున్నది. పరమాణువంటే, ఎంత లాగినా మామూలుగా విడదీయలేనిది."

"తెలిసింది సార్. మా ఆవిడా, వాళ్ళ అక్కా."

శాస్త్రి విననట్టు నటించి ముందుకెళ్ళాడు. నీళ్ళు తగిలితే భగ్గుమనేవాళ్ళు ఎడమ చివర ఉండాలన్నాడు. అడవిపిల్లి విసుక్కుంటూ వెళ్ళి అక్కడ కూర్చుంది. ఎవరితోనూ కలవనివాళ్ళు కుడి చివర ఉంటారనీ, వాళ్ళని ఉత్కృష్టులంటారనీ చెప్పగానే పులిరాజు మీసం దువ్వాడు. పట్టికకు ఆమోదం దొరికినట్టే.

ఇక బరువు దేనితో కొలవాలి? "నాతో కొలవండి" అంది ఏనుగు. అలా కొలిస్తే చీమ బరువు రాయడానికి సున్నాలకే అడవిలోని ఆకులు చాలవని తేలింది. చివరికి చెవులయ్య అనే కుందేలును ప్రమాణంగా ఎంచుకున్నారు. బండ మీద అడ్డంగా వేసిన మద్దిమానే తక్కెడ.

"రాళ్ళు అరుగుతాయి. కుందేలు అరగదు. కాబట్టి తూచిన ప్రతిసారీ ముందు చెవులయ్యకు సరిపడా రాళ్ళు ఏరాలి. ఆ రాళ్ళతోనే తూచాలి" అని శాస్త్రి నియమం పెట్టాడు. అరగని కుందేలు పెరగొచ్చుగా అని ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు.

అందరినీ తూచారు, పేర్చారు. ఒకచోట మాత్రం ఖాళీ వచ్చింది. పై గడిలో తాబేలు, కింది గడిలో ఎలుగుబంటి, మధ్యలో ఎవరూ లేరు.

శాస్త్రి రెక్కలు కొట్టుకుని గంతేశాడు. "మనుషుల పట్టికలో కూడా ఖాళీలుండేవి! తర్వాత ఆ మూలకాలు దొరికాయి. ఇక్కడా ఒక జంతువు దొరకాలి. పైవాడిలా పెంకులోకి దాక్కోవాలి. కిందివాడిలా చీమలు తినాలి. ఒంటినిండా పొలుసులు, నోట్లో పళ్ళు లేవు. బరువు నాలుగు కుందేళ్ళు!"

"ఆ జంతువు వచ్చేదాకా దాని వంతు నీళ్ళు వృథా కాకూడదు కదండీ. ఇన్‌చార్జిగా నేను తాగుతాను" అన్నాడు నక్క జిత్తయ్య. ప్రజాసేవ చేస్తానన్నవాడిని కాదనే అలవాటు ఆ అడవిలో లేదు.

కొన్నాళ్ళకు కొండ అవతల వాగు ఎండిపోయి, అక్కడి నుంచి ఒక అలుగు వచ్చాడు. పేరు పెంకయ్య. ఒంటినిండా పొలుసులు, నోట్లో ఒక్క పన్ను లేదు, భయమేస్తే బంతిలా చుట్టుకుంటాడు. నాలుక పిడచకట్టుకుపోయి మడుగు దగ్గరికి వెళితే, కాపలా ఉన్న అడవిదున్న కొమ్మయ్య అడ్డుపడ్డాడు.

"నీ గడేది?"

"గడా? దాహమండీ."

"దాహం అందరికీ ఉంటుందయ్యా. గడి ఉండాలి."

ఖాళీ గడి సంగతి విని పెంకయ్య ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పటి నుంచీ అతణ్ణి చూసినవాళ్ళంతా ఇదేం జంతువురా అన్నవాళ్ళే. ఇన్నాళ్ళకు ఎవరో తనకోసం చోటుంచి ఎదురుచూస్తున్నారు! పరుగున వెళ్ళి శాస్త్రి ముందు నిలబడ్డాడు.

శాస్త్రి అతని చుట్టూ తిరిగి చూశాడు. పొలుసులు సరే. పళ్ళు లేవు, సరే. "భౌ!" అన్నాడు. పెంకయ్య బంతయ్యాడు. శాస్త్రికి ఆనందబాష్పాలు వచ్చాయి.

జిత్తయ్యకు మాత్రం తన ఇన్‌చార్జి వంతు చేజారేలా కనిపించింది. "తొందరెందుకండీ, తూకం పద్ధతిగా జరగాలి కదా. పున్నమికి పెట్టుకుందాం. ఈలోగా చెవులయ్య బాగోగులు నేను చూసుకుంటాను" అన్నాడు.

ఇక చూసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున ఇప్పపువ్వు, మధ్యాహ్నం దుంపలు, సాయంత్రం మళ్ళీ ఇప్పపువ్వు. "మీరు అడవికే ప్రమాణం. మీరు చిక్కిపోతే శాస్త్రం ఏమైపోవాలి?" అని బతిమాలి మరీ తినిపించాడు. కుందేలు వంటికి పడుతుందో లేదోనని ముందు తాను రుచి చూసేవాడు. రుచి అంటే సగం.

అక్కడ పెంకయ్య వెదురు బొంగుల్లో మిగిలిన చెమ్మ నాకుతూ పున్నమి కోసం ఎదురుచూశాడు. చీమలు గొంతు దిగడం మానేశాయి.

పున్నమి రోజు చెవులయ్యను నలుగురు మోసుకొచ్చి మానెక్కించారు. మాను మూలిగింది. సరిపడా రాళ్ళు ఏరి పెంకయ్యను తూస్తే, రెండంటే రెండు కుందేళ్ళు!

"అయ్యా, ఆ కుందేలును చూడండి! మెడ ఎక్కడుందో మీకైనా కనబడుతోందా?" అని పెంకయ్య మొత్తుకున్నాడు.

"ప్రమాణాన్ని శంకించకూడదు. నువ్వే తగ్గావు. పోనీ, నీకు వేరే గడి గీయాలేమో..." అని శాస్త్రి గొణిగాడు.

జిత్తయ్య చప్పున అందుకున్నాడు. గడి గీస్తే వీడు మళ్ళీ వస్తాడు, అప్పీలంటాడు. "రెండు కుందేళ్ళ పొలుసుల జంతువు శాస్త్రంలో ఉందాండీ? లేదు. పట్టిక ప్రకారం తూగనివాడు లేడనే రాసేద్దాం. పీడా పోతుంది."

పెంకయ్య అనే జంతువు లేదు అని అందరి ముందూ ఉత్తర్వు చదివారు. పెంకయ్యకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఒంట్లో నీళ్ళు లేవు. ఎలాగూ చావే, ఒక్క గుక్క తాగి కొమ్మయ్య చేతిలో చద్దామని తిన్నగా మడుగులోకి దిగాడు.

కొమ్మయ్య నెమరు వేస్తూ ఆకాశం చూస్తున్నాడు. పెంకయ్య ఒక గుక్క తాగాడు. పది గుక్కలు తాగాడు. మునిగి లేచాడు.

జిత్తయ్య పరుగెత్తుకొచ్చాడు. "వాడు తాగుతుంటే చూస్తావేం? ఆపు!"

"ఎవరిని సార్?"

"వాణ్ణి! ఆ పెంకయ్యని!"

"అలాంటి జంతువు లేదని తమరేగా రాయించారు? గడి లేని జంతువు వస్తే ఆపుతాను. లేని జంతువును ఆపితే నా ఉద్యోగం పోదూ? అన్నట్టు, పొలుసుల జంతువు లేదు కాబట్టి ఖాళీ గడి కొట్టేశారు. తమరి ఇన్‌చార్జి వంతు కూడా రద్దు."

ఈ మాట విన్న జింక తలాడిస్తూ శాస్త్రి దగ్గరికి పరుగెత్తింది. "నన్ను మళ్ళీ తూయండి!" తూచారు. పట్టికలో ఉన్నదాంట్లో సగమే వచ్చింది. జింక లేదని రాయక తప్పలేదు. దాని వెనకే కోతులు, ఎలుగుబంటి, అడవిపిల్లి, మిగతా అందరూ. ఏనుగును తూచేసరికి మాను విరిగింది, మరో మాను వేశారు. పులిరాజు కూడా తూగి చూసుకుని, లేకుండా పోయి, హాయిగా మడుగులో పడుకున్నాడు.

ఆఖర్న జిత్తయ్య మానెక్కాడు. రెండు వంతుల నీళ్ళు, సగం ఇప్పపువ్వు ఊరికే పోతాయా? కుందేలు రెండింతలైతే తానూ రెండింతలయ్యాడు.

"పట్టికలో ఉన్నట్టే మూడు కుందేళ్ళు! వెంట్రుకవాసి తేడా లేదు!" అన్నాడు శాస్త్రి. "ప్రమాణాన్ని జంతువుల్లో లెక్కించం కాబట్టి, అడవి మొత్తానికి శాస్త్రప్రకారం ఉన్నది మీరొక్కరే జిత్తయ్య గారూ!"

అప్పటి నుంచి ఉన్న ఒక్క జంతువుకూ కొమ్మయ్య నిష్ఠగా కాపలా కాస్తున్నాడు. వంతు మిట్టమధ్యాహ్నం, ఒక్కసారి. అప్పటిదాకా జిత్తయ్య ఒడ్డున నాలుక వేలాడేసుకుని నిలబడాలి.

"పెంకయ్యా, తమ్ముడూ, ఒక్క దోసెడు ఇటు చల్లవా" అన్నాడు ఒకనాడు.

"ఎవరితో మాట్లాడుతున్నారు సార్?" అన్నాడు కొమ్మయ్య.

పెంకయ్యకు నిజంగానే జాలేసింది. చల్లుదామనే అనుకున్నాడు. కానీ లేని జంతువు నీళ్ళు చల్లితే ఉత్తర్వును ధిక్కరించినట్టు కాదూ? అందుకని మళ్ళీ మునిగాడు.

నీతి: పట్టికలో పేరుంటే గుక్కెడు నీళ్ళు, పేరు కొట్టేస్తే మడుగంతా నీదే.