శాసనానికి మెరుగు

ఆ ఉదయం మద్దిలేటి పథకం చాలా సులువైనది. కొత్త విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆచార్యులు శేషాచలంగారిని జీపులో కోడుమూరు దగ్గరి పల్లెకు తీసుకుపోవాలి. చావడి ముందున్న వెయ్యేళ్ల శాసనం చూపించి, ఆయన కళ్లముందే తడికాగితం అంటించి, సిరా అద్ది నకలు తీయాలి. ఆయన సరేనంటే కర్నూలులో చరిత్ర శాఖ పుడుతుంది, మద్దిలేటి అందులో లెక్చరరవుతాడు. కాదంటే బోర్డు హైస్కూల్లో ఆరో తరగతికి అశోకుడు చెట్లు నాటించిన పాఠం చెప్పుకుంటూ పింఛను దాకా బతకాలి.

నకలు ముందే తీసి పెట్టుకోవచ్చు. పెద్దాయన ఎదుట తీస్తే గొప్పగా ఉంటుందని ఆగాడు, తెలివితక్కువ మనిషి.

జీపు దిగగానే అతను రాయి వైపు చూశాడు. రాయి తళతళలాడుతోంది. మొన్నటిదాకా వేలితో తడిమితే తప్ప తెలియని అక్షరాలు దూరం నుంచే కనబడుతున్నాయి. అంతకన్నా ఘోరం, హాయిగా చదవడానికి వస్తున్నాయి.

"ఇదేందప్పా?" అన్నాడు ఊరిపెద్ద దేవేంద్రప్పతో.

"మీరే గదా సారూ, పెద్దసారు వస్తాండాడు, అక్షరాలు బాగా కనపడాల, రాయి శుభ్రం చేసి పెట్టమంటిరి. ఎంత కడిగినా కనపడల్యా. అందుకే నున్నగా నూరిచ్చి, బేతంచెర్ల పనోన్ని పిలిపిచ్చి మల్లా చెక్కిచ్చినాం."

"ముందున్న అక్షరాలేనా?"

"అవి ఎవురికొస్తాయి సారూ? మాకొచ్చేటివే చెక్కిచ్చినాం."

దేవేంద్రప్ప తాత మహా ధర్మాత్ముడనీ, ఊరికి బావి తవ్వించాడనీ రాయి చెబుతోంది. ఆచార్యులవారు కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. బావి అక్కడే ఉంది.

"వెనకవైపు కూడా శాసనం ఉందన్నావు కదయ్యా" అన్నారాయన.

మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది. వెనక్కి పరుగెత్తాడు. అక్కడ చేతులు కట్టుకుని పుల్లన్న నిలబడి ఉన్నాడు. దేవేంద్రప్పకు ఎదుటి పార్టీ ఈయనే.

"ముందర వాళ్ల తాత ఉంటే ఎనకపక్క మా తాత ఉండొద్దా సారూ? ఆ బాయి తవ్విచ్చింది మావోడే. పనోడు ఎట్లా ఈడే ఉండాడు గదా అని, అదీ నూరిచ్చి రాయిచ్చినా."

మద్దిలేటి వెనకే వచ్చిన ఆచార్యులవారు అదీ చదివారు.

"వెయ్యేళ్లు ఎండకూ వానకూ తట్టుకున్న రాయి మీకు తట్టుకోలేకపోయింది" అన్నారు ఆచార్యులవారు. "ఇక్కడ శాఖ పెడితే ఉన్న చరిత్ర కూడా పోతుంది. కాదనే రాస్తాను."

వచ్చినాయన పస్తుతో పోకూడదన్న ఒక్క విషయంలో రెండు పార్టీలూ ఏకమయ్యాయి. సంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టారు. ఆయన కోపంగానే రెండు ముద్దలు తిన్నారు. బయట టకటకమని ఉలి చప్పుడు మొదలైంది. మద్దిలేటి ముద్ద వదిలేసి లేచాడు.

బయటికొచ్చి చూస్తే రాయి నెత్తిన, ఇద్దరు తాతలకన్నా పెద్ద అక్షరాలతో ఉంది: "సకల శాస్త్ర పారంగతులైన శేషాచలంగారు దయచేసిన పుణ్యదినము."

"సారు కోపంగుండాడని మేమిద్దరమూ కలిసి రాయిచ్చినాం" అన్నాడు పుల్లన్న.

ఇక అంతా అయిపోయిందని మద్దిలేటి కళ్లు మూసుకున్నాడు. ఆచార్యులవారు రాయి దగ్గరికెళ్లి తన పేరు మీద నెమ్మదిగా వేలు పోనిచ్చారు.

"మద్దిలేటీ" అన్నారు చివరికి, "కాదనడం తొందరపాటవుతుందేమో."

శాఖ మంజూరైంది. దాని రికార్డుల్లో మొదటి శాసనం అదే. ఏ శతాబ్దానిదన్న గడిని మాత్రం మద్దిలేటి రిటైరయ్యేదాకా ఖాళీగానే ఉంచాడు.