పొయ్యికి రెండు బిందెలు: చినగరువు లంక మహాసంగ్రామం

మంచినీళ్ల ట్యాంకరు గొట్టం దగ్గింది. బుస్సుమని గాలి వదిలింది. సరిగ్గా ఆ క్షణాన దాని కింద నోరు తెరుచుకుని ఉన్నది సారమ్మ ఇత్తడి బిందె.

ఓ రోహిణీకార్తె సూర్యుడా, సాక్షిగా నిలువు! రెండువేల నాలుగో సంవత్సరాన, ఏలూరుకు దిగువన, నలుదిక్కులా చేపల చెరువులు తళతళలాడుతుండగా తాగడానికి మాత్రం చుక్క నీరు లేని మహావైభవంతో విరాజిల్లే చినగరువు లంకలో జరిగిన ఘోరసమరమిది. పూర్వం కొల్లేరు కొంగలకూ, కొర్రమట్ట చేపలకూ, మనుషులకూ సరిపోయేది. మనుషులు పెరిగారు. వారికన్నా వేగంగా వారి ఆశ పెరిగింది. సరస్సులో గట్లు లేచాయి, చేపల మేతతో నీరు పచ్చబడింది, ఏలూరు నుంచి ట్యాంకరు రావలసి వచ్చింది. అప్పుడు పెద్దలు ధర్మశాసనం చేశారు: మనిషికి కాదు, ఇంటికి కాదు, పొయ్యికి రెండు బిందెలు! నాటి నుంచి లంకలో మనుషులకన్నా పొయ్యిలే ఎక్కువ సంతానం కన్నాయి.

షట్సంతానజనని, కలహభయంకరి సారమ్మకు మాత్రం ఒక్కటే పొయ్యి. ఆరుగురు పిల్లలూ, కోడళ్లూ దాని మీదే. మొన్న ఆదివారం పెద్దకోడలు ఆడపిల్లను కన్నది. బాలింతకు కాచి చల్లార్చిన మంచినీళ్లే ఇవ్వాలని ఆసుపత్రి నర్సమ్మ హెచ్చరించింది. ఇంట్లో కుండ అడుగంటింది. మళ్లీ ట్యాంకరు వచ్చేది ఎల్లుండి.

"బండెడు నీళ్లు ఎవరు మింగారర్రా?" అని ఆమె గర్జించగా గట్టు మీది నీటికాకులు దిక్కులు పట్టిపోయాయి.

అప్పుడు ముందుకొచ్చాడు ఏకపుత్రవిరాజితుడు, శ్వేతచొక్కాధారి, మండలంలో ఏ సభ జరిగినా జనాభా నియంత్రణపై మైకు విడువని ఉపన్యాసకేసరి, రాజ్ కుమార్.

"సారమ్మ గారూ, కోప్పడకండి. దోషి జనాభా అండీ! భూదేవి ఎంతమందిని మోస్తుందండీ? మీరేమో ఆరుగురిని కన్నారు. ఇప్పుడు మనవరాలొకటి. పుట్టే ప్రతి పిల్లా ఓ బిందె పట్టుకుని పుడుతుందండీ. నన్ను చూడండి, ఒక్కడితో ఆపేశాను."

"ఆపింది మీరు కాదండీ, మీ ఆవిడ," అంది వరసలోంచి పాపమ్మ. బిందెలన్నీ నవ్వాయి.

"అయితే మూరెడు లేని నా మనవరాలే దొంగంటారా?" సారమ్మ కొంగు బిగించింది. "ఎలీయాజరు గారూ! సంఘపెద్దలు తమరు, ట్యాంకరు పెత్తనం తమది. పదండి, ఏ పొయ్యి వెలుగుతోందో, ఏది వెలగడం లేదో చూద్దాం. ముందు వీరింటి నుంచే."

"రండండీ, నాకేం భయం?" అన్నాడు రాజ్ కుమార్. వాడుకలో ఉన్నట్టు కనబడాలని మొన్ననే పొయ్యిలన్నిటికీ సున్నం కొట్టించిన ధైర్యమది.

ఇత్తడి, స్టీలు, ప్లాస్టిక్ త్రివిధ దళాలు ఒకదానినొకటి ఢీకొని రణభేరులై మోగుతుండగా, ధూళి గగనాన్ని కప్పుతుండగా, సేన రాజ్ కుమార్ పెరట్లోకి చొరబడింది. గోడ వారగా వరసగా నాలుగు పొయ్యిలు.

"ఇదెవరిదండీ?" ఎలీయాజరు అడిగాడు.

"నాదండీ."

"ఇది?"

"మా ఆవిడదండీ. వేరు కాపురం."

"మీ నుంచేనా అండీ?"

"పైకి చెప్పుకోలేం కదండీ. ఆ పక్కది మా అబ్బాయి సుమంత్‌ది."

ఎలీయాజరు నాలుగో పొయ్యి మీదికి వంగాడు. బూడిదలోంచి గుడ్లు పొదుగుతున్న కోడి రెక్కలు విదిల్చి సంఘపెద్ద వేలు పొడిచింది.

"అబ్బా! మరి ఇదెవరిదండీ?"

రాజ్ కుమార్ చొక్కా సర్దుకున్నాడు. "అది... మా మనవడిదండీ."

"మీ సుమంత్ ఇంకా టెన్తే కదండీ!"

"ముందుచూపండీ."

సేన స్తంభించింది. సారమ్మ స్తంభించలేదు. ఆ పెరట్లో క్రోటన్ మొక్కలు తడితడిగా మెరుస్తున్నాయి. వాటి వెనుక కొత్త స్నానాలగది. ఆమె తలుపు నెట్టి సిమెంటు తొట్టి మీది రేకు లాగిపడేసింది. లోపల అంచుదాకా మంచినీళ్లు!

అంతట ఆ వీరమాత బిందె ముంచి, బుడబుడ శబ్దమే జయధ్వానంగా, అంచులొలుకుతున్న ఆ ఒక్క బిందెను చంకనెత్తుకుని, సప్తసముద్రాలనూ గెలిచి తెచ్చిన చక్రవర్తిలా బయటికి వచ్చింది. కోడలి గొంతు తడుస్తుంది. పచ్చిబాలింత ఎల్లుండి దాకా గట్టెక్కుతుంది. విజయం! మహావిజయం!

"ఇంతకీ ఊరి నీళ్లు తాగేసిందెవరో మీ నోటితోనే అందరి ముందూ చెప్పండమ్మా," అన్నాడు ఎలీయాజరు వేలు చప్పరిస్తూ.

సారమ్మ బిందె దించలేదు, మర్యాదా తప్పలేదు.

"ఏవండీ రాజ్ కుమార్ గారూ! తాగేసింది మా ఇంట్లో పుట్టిన పిల్ల కాదండీ. మీ ఇంట్లో ఇంకా పుట్టని మనవడి పేరు చెప్పి తాగేసిన తమరేనండీ!"