కారవాన్ వెనక పసుపు పలక

శనివారం పొద్దున్నే మన కారవాన్‌ని నా కారుకి తగిలించుకుని ఒక్కదాన్నే సముద్రతీరాన ఉన్న స్కార్‌బరో వెళతానని మా అమ్మాయి బ్రయొనీ చెప్పిన క్షణం నుంచి నాకు టీ సహించలేదు. మా ఇంట్లో నాకు టీ సహించలేదంటే అంబులెన్సుకి ఫోన్ చేయాల్సిన సంగతే.

కారవాన్ అంటే ఏదో చిన్న బండి కాదు. మంచాలు, సింకు, కిటికీ తెరలతో సహా చక్రాల మీద ఒక ఇల్లు. ఆ ఇంటిని ఇరవై ఆరేళ్ల పిల్ల వెనక కట్టుకుని రోడ్డు మీద ఈడ్చుకెళుతుందట! గాలికి తిరగబడితే? దారి తప్పి సట్టన్ బ్యాంక్ కొండెక్కితే? కారవాన్లు ఎక్కకూడదని బోర్డు పెట్టిన కొండ అది. బోర్డు పెట్టారంటే ఎవరో ఒకరు ఎక్కి చూశారనేగా!

"ఇదివరకు ఇలా లాగడానికి వేరే పరీక్ష ఉండేది నెవిల్. ఇప్పుడు అదీ తీసేశారు," అన్నాను మా ఆయనతో.

నెవిల్ అప్పుడు స్నానాల గదిలోంచి నేను బరువు చూసుకునే మిషను పట్టుకొచ్చి కారవాన్ ముక్కు కింద, అంటే కారుకి తగిలించే కొన కింద, పెడుతున్నాడు. ముక్కు మీద ఎంత బరువు పడుతోందో చూడకుండా ఆయన దాన్ని కదలనివ్వడు.

"తీసేశారంటే అవసరం లేదనేగా," అన్నాడు తలెత్తకుండా.

"ఎంతసేపూ దాని ముక్కు బరువేనా? నా గుండె బరువు చూడవా?"

"నీ గుండె బరువు ఈ మిషనుకి పట్టదు మావిస్."

ముప్ఫై ఏళ్లుగా ఈ మనిషితో, ఇరవై రెండేళ్లుగా ఈ కారవాన్‌తో కాపురం చేస్తున్నాను. రూలు విషయంలో మాత్రం ఆయన రాయిలాంటివాడు. వెనక పసుపు పలక మీద నంబరు సరిగ్గా లేకుండా కారవాన్ గేటు దాటకూడదని వందసార్లు చెప్పి ఉంటాడు. అలాంటి పలక ఎవరికి పడితే వాళ్లకి చేసివ్వరు. కారు కాగితాలు, లైసెన్సు తీసుకెళ్లి కొట్లో చూపించాలి.

అంటే శుక్రవారం సాయంత్రానికల్లా పలక మాయమైతే శనివారం పొద్దున ప్రయాణం ఉండదు. ఇంత తెలివి నాకు స్కూల్లో ఉండి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం నెవిల్ క్రికెట్ వ్యాఖ్యానం వింటూ గురక పెట్టగానే వెన్న రాసే కత్తి తీసుకుని బయటికి వెళ్లాను. ఆ ప్లాస్టిక్ పలకని నెవిల్ జిగురు పట్టీలతో అంటించాడు. సందులో కత్తి దూర్చి ఆడిస్తుంటే కంచె మీద ఒక తల లేచింది. పక్కింటి ఓగ్డెన్. తన కంచె ఆకుల్ని లెక్కపెట్టుకుని కాపలా కాస్తాడని మేం ఆయన్ని కంచె కమిషనర్ అంటాం.

"ఏం మావిస్, కారవాన్‌కి వెన్న రాస్తున్నావా?"

"నాచు గీకుతున్నాను," అన్నాను.

పలక ఊడింది. ఎక్కడ దాచను? బీరువాల్లో అయితే నెవిల్ వెతుకుతాడు. శుక్రవారం మా ఇంట్లో పొయ్యి వెలగదు. భోజనం కొట్టు నుంచి వస్తుంది, వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు. అందుకని పలకని ఓవెన్‌లో వేపుడు పళ్లెం కింద పెట్టాను.

సాయంత్రం బ్రయొనీ చేపలు తేవడానికి వెళ్లింది. నేను మేడ మీద తన స్వెట్టర్లు సర్దుతున్నాను. తొమ్మిది స్వెట్టర్లు. ఆగస్టే అనుకోండి, అయినా సముద్రపు గాలి. ఇంతలో కింద నుంచి ఏదో వాసన. ఆ వెంటనే పొగ అలారం ఇల్లెగిరిపోయేలా అరిచింది.

దిగి వచ్చేసరికి నెవిల్ ఓవెన్ తలుపు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

"ఎందుకు వెలిగించావు?" అని అరిచాను.

"కంచాలు వెచ్చబెడదామని! పిల్ల వెళ్లేముందు ఆఖరి భోజనం కదా, చల్లారకుండా..."

"ఆఖరి భోజనం అనకు!"

కంచె కమిషనర్ తోటకి నీళ్లు పట్టే గొట్టం పట్టుకుని కిటికీలోంచి గురిపెట్టాడు. నెవిల్ పటకారుతో లోపలి నుంచి పసుపుగా వేలాడుతున్నదాన్ని బయటికి లాగాడు.

"చీజు పెట్టావా మావిస్?" అని, దగ్గరగా చూసి, "ఈ చీజు మీద మన కారు నంబరుందే!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే బ్రయొనీ చేపల పొట్లాలతో లోపలికి వచ్చింది. ఇక దాచి లాభం లేదు.

"నేనే పీకాను. నువ్వు వెళ్లలేవు బ్రయొనీ. చట్టం ఒప్పుకోదు," అన్నాను, జడ్జిగారి లెవెల్లో.

అది పొట్లాలు బల్ల మీద పెట్టింది. "అమ్మా, అది నాన్న కారు నంబరు."

"కారవాన్ నంబరు!"

"కారవాన్‌కి సొంత నంబరు ఉండదమ్మా. ఏ కారు లాగితే ఆ కారు నంబరే దాని వెనక పెట్టాలి. రేపు లాగేది నా కారు. ఆ పలకని నేనే పీకాల్సింది, నువ్వు నాకు పని తప్పించావు." అంటూ సంచీలోంచి నిగనిగలాడే కొత్త పసుపు పలక తీసింది. బుధవారమే చేయించిందట.

ఇరవై రెండేళ్లలో మేం మూడు కార్లు మార్చాం. మార్చినప్పుడల్లా నెవిల్ వెనక కొత్త పలక అంటిస్తుంటే మోజు అనుకున్నాను.

నెవిల్ ఓవెన్ కట్టేశాడు. అలారం కూడా ఆగిపోయింది.

"భయమైతే భయమని చెప్పొచ్చుగా అమ్మా," అంది బ్రయొనీ నెమ్మదిగా.

"ఆదివారం నుంచీ చెబుతూనే ఉన్నాను."

"నేను పుట్టినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నావు. అందుకే ఈసారి నిజంగా ఎంత భయపడుతున్నావో తెలియలేదు."

చల్లారిన చేపలే తిన్నాం.

శనివారం పొద్దున అది కారవాన్‌ని ఒక్క ఊపులో వెనక్కి నడిపి గేటు దాటించింది. కంచె కమిషనర్ చేతులు చాచి నిలబడ్డాడు కానీ ఒక్క ఆకు కూడా రాలలేదు. నెవిల్‌కి ఈ పని ఏనాడూ నాలుగు ప్రయత్నాలకి తక్కువ పట్టలేదు. నేను చెయ్యి ఊపాను. కళ్లు మాత్రం తెరవలేదు.

మధ్యాహ్నం నెవిల్ తన కారు నంబరుతో మళ్లీ పలక చేయించడానికి నన్నూ కొట్టుకి లాక్కెళ్లాడు. వరుసలో ఉండగా నా ఫోను మోగింది. "చేరాను అమ్మా. యార్క్ మీదుగానే వచ్చాను. కొండ ఎక్కలేదు. స్వెట్టరు వేసుకున్నాను," అంది బ్రయొనీ. చివరిది అబద్ధమని తెలుసు. అయినా బాగుంది.

కొట్టతను కాగితాలు చూస్తూ అడిగాడు. "పాతది పోయిందా, ఎవరైనా ఎత్తుకెళ్లారా?"

"కాలింది," అన్నాడు నెవిల్. "ఓవెన్‌లో."

కొట్టతను నవ్వలేదు. నావైపు చూశాడు. "అమ్మాయా, అబ్బాయా?"

"అమ్మాయి," అన్నాను నేల చూపులు చూస్తూ.

"ఈ వేసవిలో మీరు మూడోవారు. ఒకావిడ పలకని గులాబీ మొక్క కింద పాతిపెట్టింది."

"మరి వాళ్ల పిల్లలు ఆగారా?"

"ఒక్కరూ ఆగలేదు. కానీ చేరగానే అందరూ ముందు అమ్మకే ఫోన్ చేశారట."

ఆ మాట వినగానే నెవిల్ గబగబా జేబులోంచి తన ఫోను తీసి చూసుకున్నాడు. తిప్పి కూడా చూశాడు.

ఏమీ రాలేదు.